నీటికన్నా దిగువన ఒక నగరం

ప్రయాణం మనిషికి రెండు మేళ్ళు చేస్తుంది. ఇంతకుముందు చూడనివాటిని చూపిస్తుంది. ఇంటివద్ద రోజూ చూస్తున్నవాటిని కొత్త కళ్ళతో చూసేలా చేస్తుంది. మొదటి మేలు కోసం మనం టికెట్టు కొంటాము. రెండవది అల్లాహ్ మనకు అదనంగా ప్రసాదించేది. 2025 జూన్‌లో నేను చేసిన ఒక ప్రయాణం గురించి పాఠకులతో పంచుకోవాలనుకోవడానికి ఈ రెండవ మేలే కారణం.

మా చెల్లెలి కుమారుడు నెదర్లాండ్స్ దేశంలోని రాటర్‌డామ్ నగరంలో ఇంజినీరుగా పనిచేస్తున్నాడు. “మామూజాన్, ఒక్కసారి వచ్చి వెళ్ళండి” అని నాలుగేళ్ళుగా పిలుస్తున్నాడు. బక్రీద్ సెలవులు కలిసిరావడంతో పండుగ వెళ్ళిన తరువాత బయలుదేరి, రెండు వారాలు వారింట గడిపాను. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు రాత్రి పది గంటలకు గాని అస్తమించడు. ఇషా నమాజు ముగించి పడుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. కాసేపటికే ఫజర్ వేళ అవుతుంది. నిద్ర తగ్గినా దానివల్ల ఒక లాభం కలిగింది. అసర్‌కు, మగ్రిబ్‌కు నడుమ దాదాపు మూడు గంటల వెలుగు మిగిలేది. మేనల్లుడు కార్యాలయం నుండి రాగానే నమాజు చేసుకుని, మామా అల్లుళ్ళం ఊరు చూడటానికి బయలుదేరేవాళ్ళం.

యూరప్ నగరమంటే పాత రాతి కట్టడాలు, ఇరుకు వీధులు కనబడతాయని ఊహించాను. రాటర్‌డామ్ అలా లేదు. రైల్వే స్టేషను నుండి నది దాకా అంతా అద్దాల మేడలే. ఒకచోట ఇళ్ళను ఘనాకారపు పెట్టెల్లా చేసి మూలమీద నిలబెట్టారు. నదిమీద తెల్లని తీగల వంతెన ఉంది. 800 మీటర్లకు పైగా పొడవున్న ఆ వంతెనను 1996లో ప్రారంభించారు. మెడ చాచినట్లుండే దాని స్తంభాన్ని బట్టి ఊరివారు దానిని ‘హంస’ అని పిలుచుకుంటారు.

ఇంత కొత్తదనానికి కారణమేమిటని అడిగాను. మేనల్లుడు సమాధానం చెప్పక, కాలిబాటలో పొదిగిన ఒక చిన్న ఎర్రని దీపాన్ని చూపించాడు. కొంతదూరం నడిచాక అలాంటిదే మరొకటి కనిపించింది. 1940 మే 14వ తేదీన జర్మనీ విమానాలు ఈ నగరంమీద బాంబులు కురిపించాయి. దాడి జరిగింది కొద్ది నిమిషాలే. ఆ తరువాత చెలరేగిన మంటల్లో నగర కేంద్రం దాదాపుగా బూడిదైపోయింది. ఎనిమిది వందల మందికి పైగా మరణించారు. సుమారు 80,000 మంది నిలువనీడ కోల్పోయారు. ఆ అగ్ని ఎంతవరకు వ్యాపించిందో, ఆ సరిహద్దు పొడవునా నేడు ఈ దీపాలు వెలుగుతున్నాయి. దాడిని స్మరిస్తూ 1953లో నిలిపిన ఒక లోహ విగ్రహం కూడా రేవు పక్కన ఉంది. ఆ మనిషి ఆకాశంవైపు చేతులెత్తి అరుస్తున్నట్లుంటాడు. గుండె ఉండవలసిన చోట ఖాళీ ఉంటుంది. దానిని చూస్తున్నంతసేపూ గాజా గుర్తుకొచ్చింది. ఇద్దరం మాట్లాడుకోకుండానే అక్కడినుండి కదిలాము.

మరొక సాయంత్రం డెల్ఫ్స్‌హావెన్ అనే పాత రేవుపేటకు వెళ్ళాము. బాంబుదాడిలో పెద్దగా దెబ్బతినని ప్రాంతమది. అక్కడ పాత ఇళ్ళు, చిన్న కాలువ, తెరచాప పడవలు ఇంకా ఉన్నాయి. కృష్ణా జిల్లావాడికి ఈ పేట పూర్తిగా పరాయిది కాదు. డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖలలో డెల్ఫ్ట్, రాటర్‌డామ్ రెండూ ఉండేవి. 17వ శతాబ్దపు తొలినాళ్ళలోనే ఆ కంపెనీ మన బందరులో వర్తకస్థానం పెట్టింది. గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యంలో నేసి, అద్దిన మన వస్త్రాలను ఓడలకెత్తింది. బందరులో డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి. వారి వర్తకంతోపాటు ఫిరంగులూ, బానిసల వ్యాపారమూ నడిచాయన్నది చరిత్ర. కనుక ఆ నగరంలో నేను చూసిన మేలును చెబుతున్నానంటే, దాని సంపద అంతా నిర్మలమైనదని చెబుతున్నట్లు కాదు. మంచి ఎక్కడ కనబడినా ఏరుకోవడం, చెడును చెడుగా గుర్తుంచుకోవడం రెండూ న్యాయమే.

జుమా నమాజుకు నదికి దక్షిణాన ఉన్న ఎస్సలామ్ మస్జిదుకు వెళ్ళాము. దానిని 2010లో ప్రారంభించారు. రెండు మీనారులూ ఒక్కొక్కటి 50 మీటర్ల ఎత్తు. 1960ల నుండి మొరాకో, తుర్కియే దేశాలనుండి కూలిపనికి వచ్చినవారి పిల్లలు, మనవలు ఇప్పుడు ఆ నగరంలో వైద్యులుగా, ఉపాధ్యాయులుగా, బస్సు నడిపేవారుగా ఉన్నారు. మొరాకోలోని ఒక పల్లె ఇమాము కుమారుడైన అహ్మద్ అబూతాలిబ్ పదిహేనేళ్ళ వయసులో ఆ దేశం చేరి, 2009 నుండి 2024 వరకు ఇదే నగరానికి మేయరుగా ఉన్నారు. అంటే కొన్ని లక్షల మంది భద్రతను అమానతుగా ఆయన చేతిలో పెట్టారన్నమాట. ఈ ‘అమానతు’ అనే మాట ఆ రెండు వారాలూ నన్ను వదలలేదు. అందుకు కారణం నీరు.

రాటర్‌డామ్ పేరులోనే ఆనకట్ట ఉంది. రాటె అనే చిన్న నదిమీద 13వ శతాబ్దంలో కట్టిన ఆనకట్ట పక్కన వెలసిన ఊరిది. రైన్, మాస్ నదుల నీరు ఈ నగరం గుండా సముద్రానికి పోతుంది. తమాషా ఏమిటంటే, నగరంలో అధికభాగం సముద్రమట్టానికి దిగువన ఉంది. మా మేనల్లుడి ఇల్లు నగరపు తూర్పు అంచున ఉంది. అక్కడికి దగ్గరలోని న్యూవెర్కెర్క్ అనే ఊరి పొలాలు సముద్రమట్టానికి 6.76 మీటర్ల దిగువన ఉన్నాయని బోర్డు పెట్టారు. ఐసెల్ నది కట్ట ఎక్కి నిలబడితే ఒకవైపు నిండుగా నది. మరొకవైపు, ఆ నీటికన్నా దిగువన, ఇళ్ళ పైకప్పులు. ఆ కప్పుల కింద పిల్లలు నిశ్చింతగా నిద్రపోతున్నారు. నాకు మాత్రం ఆ దృశ్యం చూడగానే గుండె జారింది. ఎందుకో చెప్పాలి.

మా మద్రసా విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఉంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు నీరు మా వీధిలోకి వచ్చింది. మధ్యాహ్నానికి నడుములోతు అయింది. సాయంత్రానికి కింది అంతస్తు మునిగింది. పిల్లలను పైఅంతస్తుకు చేర్చాము. పక్కింటి ముసలమ్మను మంచంతో సహా డాబామీదికి ఎక్కించారు. ఆమె రెండు రాత్రులు అక్కడే తడిసింది. బుడమేరు మళ్ళింపు కాలువకు పడిన మూడు గండ్లను పూడ్చడానికి సైన్యం రావలసివచ్చింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. మా ప్రాణాలు దక్కాయి, అల్‌హందులిల్లాహ్. కితాబులు దక్కలేదు. వాటిలో ఒక మిష్కాతు ప్రతి మా ఉస్తాదుగారిది. ఆయన నలభై ఏళ్ళ బోధనలో తట్టిన విషయాలన్నీ దాని అంచుల్లో సన్నని అక్షరాలతో రాసుకున్నారు. అవి మరెక్కడా అచ్చుకాలేదు. నీరు తీసిన తరువాత తెరిచి చూస్తే, కాగితం మిగిలింది గాని ఆయన సిరా మిగలలేదు.

అటువంటివాడు ఐసెల్ కట్టమీద నిలబడితే మనసులో ఏ ప్రశ్న కలుగుతుందో పాఠకులు ఊహించగలరు. నీటికన్నా ఎత్తున ఉన్న మేము ఎందుకు మునిగాము? నీటికన్నా దిగువన ఉన్న వీరు ఎలా పొడిగా ఉన్నారు?

“వీళ్ళ దగ్గర డబ్బుంది, యంత్రాలున్నాయి మామూజాన్” అన్నాడు మేనల్లుడు మొదట. అది నిజమే. ఆ ఆదివారమే నన్ను సముద్రంవైపు తీసుకువెళ్ళి మేస్లాంట్‌కేరింగ్ అనే నీటి తలుపులను చూపించాడు. నదికి ఇరువైపులా రెండు తలుపులు. ఒక్కొక్కటి 210 మీటర్ల పొడవు, 22 మీటర్ల ఎత్తు. మామూలు రోజుల్లో అవి గట్టుమీద ఆగి ఉంటాయి, ఓడలు స్వేచ్ఛగా తిరుగుతాయి. తుపాను వల్ల నీటిమట్టం మామూలుకన్నా 3 మీటర్లు పెరుగుతుందని అంచనా వస్తే తలుపులు తేలుతూ వచ్చి మూసుకుంటాయి. 1997లో పూర్తయిన ఈ తలుపులు నిజమైన తుపానుకు మూసుకున్న సందర్భాలు చాలా అరుదు. అయినా ప్రతి సంవత్సరం తుపానుల కాలానికి ముందు ఒకసారి వాటిని మూసి, తెరిచి పరీక్షిస్తారు. ఆ పరీక్ష చూడటానికి జనం పిల్లలను వెంటబెట్టుకుని వస్తారట.

కాని నాకు సమాధానం ఆ తలుపుల దగ్గర కాక, మేనల్లుడి వంటింటి బల్లమీద దొరికింది. అక్కడ ఒక పన్ను రసీదు ఉంది. అది ప్రభుత్వానికీ, నగరపాలక సంస్థకూ కట్టేది కాదు. ‘వాటర్‌స్కాప్’ అంటే నీటి మండలికి కట్టేది. కట్టలు, కాలువలు, నీటి పంపులు చూసుకోవడమే ఆ మండలి పని. దేశం మొత్తంమీద ఇటువంటివి 21 ఉన్నాయి. వాటిలో కొన్నింటి మూలాలు 13వ శతాబ్దం నాటివి. రాజులు మారినా, యుద్ధాలు వచ్చినా ఈ మండళ్ళు కొనసాగాయి. సొంత ఇల్లు లేకపోయినా, అద్దెకున్నా ప్రతి కుటుంబమూ ఆ పన్ను కట్టాలి. దానికి ఎన్నికలు కూడా ఉన్నాయి. మా మేనల్లుడు భారత పౌరుడు. అక్కడి పార్లమెంటుకు ఓటు వేయలేడు. అయినా 2023 మార్చిలో నీటి మండలికి ఓటు వేశాడు. అక్కడ నివసిస్తున్నవాడు ఏ దేశస్థుడైనా, కట్ట తెగితే అతడూ మునుగుతాడు కదా!

ఆ వీధిలోనే ఒక వృద్ధుడున్నాడు. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. నది పొంగే రోజుల్లో కట్టమీద కావలి తిరిగే స్వచ్ఛంద దళంలో ఆయన సభ్యుడు. నేనూ పంతులునేనని తెలిసి, ఒక సాయంత్రం మమ్మల్ని తనవెంట కట్టమీదికి తీసుకువెళ్ళాడు. కట్టమీద గొర్రెలు మేస్తున్నాయి. అవి అందంకోసం కాదట. గడ్డి పొట్టిగా, దట్టంగా ఉండి దాని వేళ్ళు మట్టిని పట్టుకోవడానికి, వాటి గిట్టలు నేలను గట్టిపరచడానికి. బొరియలు తవ్వే ఒక జాతి నీటి ఎలుకలను పట్టడానికి నీటి మండళ్ళు జీతమిచ్చి మనుషులను పెట్టుకుంటాయని కూడా చెప్పాడు. ఆయన వంగి, గడ్డిలో ఒక చిన్న పగులును కర్రతో చూపించాడు.

“ఇంత చిన్నదానికే ఇంత పరిశీలన దేనికి? ఇప్పుడు వరద కూడా లేదు కదా” అని అడిగాను.

“వరద వచ్చాక ఏం కనిపిస్తుంది? అంతా నీళ్ళే. పగులు కనబడేది ఎండాకాలంలోనే” అన్నాడు ఆయన.

మేనల్లుడు ఈ మాటను ఉర్దూలో చెబుతుంటే, నేను రెండోసారి చెప్పించుకున్నాను.

మరికొంత దూరం నడిపించి, కట్టమీద ఒక పడవ స్మారకం దగ్గర ఆపాడు. 1953 ఫిబ్రవరి 1వ తేదీ తెల్లవారుజామున ఉత్తర సముద్రం పొంగి నెదర్లాండ్స్‌లో 1,836 మందిని బలిగొంది. ఆ ఉదయం ఇక్కడి కట్టలో, రాతి తాపడం లేని భాగం కోసుకుపోయి గండి పడింది. దాని వెనుక పల్లంలో లక్షలాది మంది ఉన్నారు. ఊరి మేయరు ఒక సరుకుల పడవ యజమానిని పిలిచి, గండికి పడవను అడ్డం పెట్టమన్నాడు. ఆ యజమాని పేరు ఆరీ ఎవెగ్రూన్. పడవ పేరుకు ‘ఇద్దరు సోదరులు’ అని అర్థం. ఆ పడవే అతని జీవనాధారం. ప్రవాహం దానిని గండిలోకి లాక్కుపోయి అవతల పొలాల్లో బోల్తాకొట్టించే ప్రమాదముంది. అయినా అతడు పడవను కట్టవైపు తిప్పాడు. అది గండికి తలుపులా అడ్డుపడి నిలిచింది. కట్ట నిలబడింది. పల్లంలోని జనం బతికారు.

ఆ స్మారకం ముందు నాకు మన మద్రసాలలో బోధించే ఒక హదీసు గుర్తుకొచ్చింది. హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖనం అది, బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) ఒక ఓడను ఉపమానంగా చెప్పారు. చీట్లు వేసుకోగా కొందరికి పైఅంతస్తు, కొందరికి కిందిఅంతస్తు వచ్చాయి. కిందివారికి నీళ్ళు కావాలంటే పైకి వెళ్ళాలి. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందామనుకున్నారు. పైవారు ఊరుకుంటే అందరూ మునుగుతారు. చేయి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు. ఇదీ దాని భావం.

ముప్ఫై ఏళ్ళుగా ఈ హదీసును చెబుతున్నాను. కట్టమీద నిలబడినప్పుడు అందులోని ఒక అంశం మరింత స్పష్టంగా గోచరించింది. రంధ్రం చేయదలచినవారు దుర్మార్గులు కారు. వారికి దాహం ఉంది. పైగా ఇతరులకు ఇబ్బంది కలగకూడదన్న మర్యాద కూడా ఉంది. మన కాలువ గట్లమీద గుడిసె వేసుకున్న పేదవాడూ అటువంటివాడే. అతనికి తలదాచుకోవడానికి మరోచోటు లేదు. అతన్ని తిట్టడం సులభం. కాని ఉపమానంలో బాధ్యత పైఅంతస్తువారి చేతిమీద కూడా ఉంది. ఆ చేయి కేవలం ఆపే చేయి అయితే చాలదు, నీళ్ళు అందించే చేయి కూడా కావాలి. కిందివాడి దాహం తీరే దారి చూపకుండా అతని చేయి మాత్రమే పట్టుకుంటే, రాత్రివేళ అతడు మళ్ళీ రంధ్రం తలపెట్టకుండా ఉంటాడా?

బుడమేరును ‘బెజవాడ దుఃఖదాయని’ అని పిలవడం మనకు అలవాటు. ఆ పేరు వింటుంటే తప్పంతా ఏటిదే అనిపిస్తుంది. ఏరు తన దారిన కొల్లేరుకు పోవాలి. దాని దారిని ఇరుకు చేసింది మనుషులు. అక్కడ పూడిక పేరుకుంది, గుర్రపుడెక్క అల్లుకుంది, ఇళ్ళు వెలిశాయి. ఇది ఒక్కరు చేసింది కాదు, ఒక్కరోజులో జరిగిందీ కాదు. ప్రతి ఒక్కరూ తమ అవసరంకొద్దీ చిన్న రంధ్రమే చేసుకున్నారు. రాటర్‌డామ్‌వారు మనకన్నా మంచివారని నేను అనను. వారికి ఒక విషయం తప్పించుకోలేనిది. అక్కడ అందరూ కిందిఅంతస్తులోనే ఉన్నారు. ధనవంతుడి మేడా, కూలివాడి గదీ ఒకే కట్ట వెనుక ఉన్నాయి. మనకు మాత్రం, మునిగేది పల్లంలోనివాడే, మెరకమీద ఉన్న మనకేమి అన్న భ్రమ ఉంది.

మరో సంగతి చెప్పి ముగిస్తాను. ఆ నగరంలో ఒక బడి పక్కన, చుట్టూ మెట్లు కట్టి నేలకన్నా లోతుగా చేసిన ఆటస్థలాలు చూశాను. 2013లో నిర్మించారు. పొడిరోజుల్లో పిల్లలు బంతి ఆడుకుంటారు. కుండపోత కురిస్తే చుట్టుపక్కల వాననీరు ఆ పల్లాల్లోకి చేరుతుంది. సుమారు 17 లక్షల లీటర్లు పడుతుందట. వీధులు మునగవు. వాన తగ్గాక నీరు మెల్లగా బయటికి పోతుంది, పిల్లలు మళ్ళీ బంతి తెచ్చుకుంటారు. మన మస్జిదుల, మద్రసాల ఆవరణలను కూడా సిమెంటుతో కప్పేయకుండా కొంత నేలను వానకు వదిలివేయడానికి డబ్బు అక్కరలేదు, ఆలోచన చాలు.

దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని మనకు నేర్పారు. కాలువ కూడా నీటికి దారే. దానిలోని అడ్డును తొలగించడం ఆ పుణ్యంలో చేరదా? నేను తిరిగి వచ్చాక మా పెద్ద తరగతి పిల్లలతో ఒక పని మొదలుపెట్టాను. మద్రసాకు జుమేరాత్ నాడు మధ్యాహ్నంతో చదువు ముగుస్తుంది. అసర్ తరువాత ఇద్దరు పిల్లలు వీధి కాలువ వెంట, అది బుడమేరువైపు తిరిగే కల్వర్టు దాకా నడిచి వస్తారు. ఎక్కడ ఏమి అడ్డుపడిందో ఒక నోటుబుక్కులో రాస్తారు. చేతితో తీయగలిగినది గడకర్రతో తీస్తారు. తీయలేనిదాన్ని కాగితంమీద రాసి వార్డు సచివాలయంలో ఇచ్చి వస్తారు. వీధివారు మొదట నవ్వారు. ఇప్పుడు డాబామీద రెండు రాత్రులు తడిసిన ఆ ముసలమ్మ, పిల్లలు వచ్చే వేళకు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, “ఇవాళ ఏం దొరికిందిరా?” అని అడుగుతోంది.

దీనివల్ల బుడమేరు ఆగిపోతుందని మాకేమీ భ్రమ లేదు. గండ్లు పడకుండా చూడటం పెద్దవారి చేతుల్లోని పని. ఆ పని చేయమని అడిగే హక్కు మనకుంది, తప్పక అడగాలి. అయితే అమానతులో ప్రతి ఒక్కరికీ తమ వంతు ఉంటుంది. నోటుబుక్కులో నిన్నటి పేజీ ఇలా ఉంది: “మలుపు దగ్గర కొబ్బరి డొక్కలు, ఒక చినిగిన పరుపు. డొక్కలు తీశాము. పరుపు బరువుగా ఉంది. వచ్చే వారం నలుగురం వెళ్ళాలి.”